ఇంటర్నేషనల్ లీనియర్ కొలైడర్

ఇంటర్నేషనల్ లీనియర్ కొలైడర్ (ఐ.ఎల్.సి.) నిర్మాణానికి ప్రతిపాదించబడిన ఒక భారీ కణ త్వరణ యంత్రము. ఇందులో ఎలక్ట్రానులు ఒక కొసనుండి, పాజిట్రానులు రెండవ కొసనుండి తిన్నగా ప్రయాణించి నడుమ ఢీకొంటాయి.

ఎలక్ట్రాను వంటి తేలిక కణాన్ని వలయంలో తిప్పితే అది కాంతి రూపంలో శక్తిని కోల్పోతుంది. వలయం మారకుండా కణశక్తి రెట్టింపయితే, ఒక్కొక్క చుట్టుకు కలిగే నష్టం 16 రెట్లవుతుంది. 27 కి.మీ. చుట్టుకొలత గల సెర్న్ వారి లెప్ యంత్రానికి (1989-2000) ఇదే పెద్ద అడ్డంకి. సరళరేఖలో ఈ నష్టం దాదాపు ఉండదు. కాని కణానికి ఒక్క పరుగే అవకాశం కనుక దారి పొడవు పెరుగుతుంది.

2013లో ప్రచురించిన నమూనా ప్రకారం పొడవు 31 కి.మీ., శక్తి 500 గిగా ఎలక్ట్రాను వోల్టులు. 2012లో కనుగొన్న హిగ్స్ కణపు ద్రవ్యరాశి 125 మాత్రమే కావడంతో 250 చాలునని తేలింది. ఖర్చు తగ్గించడానికి 2017లో పొడవును సుమారు 20 కి.మీ.కు కుదించారు. హైదరాబాదులో ఖాజాగూడ నుండి మౌలాలీకి గీసిన సరళరేఖ దాదాపు ఇంతే ఉంటుంది. ఎంచుకున్న స్థలం జపానులోని కితకామి పర్వత ప్రాంతం. ఖాజాగూడ గుట్టల వలె అక్కడిదీ గ్రానైటు శిలయే.

కణాలకు వేగాన్నిచ్చే గదులను నయోబియం లోహంతో చేసి, 2 కెల్విన్‌లకు చల్లబరుస్తారు. ఈ లోహాన్ని హైదరాబాదులోని అణు ఇంధన సంస్థ (ఎన్.ఎఫ్.సి.) కూడా తయారుచేసింది.

నిర్మాణ వ్యయంలో అధిక భాగం ఆతిథ్య దేశమే భరించవలసి ఉంటుంది. 2019 మార్చిలో జపాను ప్రభుత్వం ఆసక్తి తెలిపినా ఆమోదం ఇవ్వలేదు. 2025 నాటికి కూడా తవ్వకం ప్రారంభం కాలేదు.