కారు కారుతోందా?

మా అనంతపురం మెట్టనేలలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లిమీటర్ల చుట్టూనే. పడిన చుక్కను నేల యిట్టే తాగేస్తుంది. కారులోంచి కారిన నూనె చుక్కను కూడా అలాగే తాగేస్తుందని నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

నాది పాత కారు. దాని స్టీరింగుకు నూనె సాయం. ఇంజను ఒక బెల్టుతో చిన్న పంపును తిప్పుతుంది. పంపు నూనెను ఒత్తిడితో నెడుతుంది. ఆ ఒత్తిడి ముందు చక్రాలను పక్కకు తోస్తుంది. అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు 1926లో ఒక కారుకు యిటువంటి యేర్పాటు అమర్చి నడిపి చూపించాడు. 1951లో క్రైస్లర్ వారు దాన్ని అమ్మకపు కార్లలో పెట్టారు.

నిరుడు వేసవిలో నా కారు మలుపు తిప్పినప్పుడల్లా మూలగడం మొదలుపెట్టింది. డబ్బా మూత తీసి చూస్తే నూనె తగ్గి వున్నది. పోశాను. మూలుగు ఆగింది. పదిహేను రోజులకు మళ్ళీ మూలిగింది; మళ్ళీ పోశాను.

"ఆ నూనె ఎక్కడికి పోతోందండీ?" అన్నది మా ఆవిడ.

"ఎండకు ఆవిరవుతోంది."

"మా ఆవకాయ జాడీలో నూనె ఏ ఎండకూ తగ్గలేదే!"

నవ్వి వూరుకున్నాను.

ఒక ఆదివారం పిల్లలతో లేపాక్షి బయలుదేరాం. పెనుకొండ దాటాక, హిందూపురం వైపు తిరగబోతే స్టీరింగు రాతిబండలా బిగుసుకున్నది. ఎదురుగా లారీ! రెండు చేతుల బలమూ పెట్టి లాగితే కారు తిరిగింది గాని, లారీ మూరెడు దూరంలో దాటిపోయింది. వెనకసీటులో ఎవరూ మాట్లాడలేదు.

మెల్లగా దగ్గరలోని షెడ్డుకు చేరాం. ముసలి మెకానిక్కు డబ్బాలో నూనె నింపి, పాత క్యాలెండరు అట్టను తెల్లవైపు పైకి వుండేలా కారు కింద పరిచాడు. ఇంజను నడుపుతూ స్టీరింగును అటూ యిటూ తిప్పమన్నాడు. చివరిదాకా తిప్పి పట్టుకోవద్దని, అలా పట్టుకుంటే పంపు వేడెక్కి చెడుతుందని హెచ్చరించాడు. అట్టమీద ఎర్రటి చుక్కలు పడ్డాయి.

"మీ వాకిట్లో ఎర్రమట్టి, దీంట్లో ఎర్రనూనె. ఇంక యాడ కనపడ్తాది సామీ?" అన్నాడు.

చక్రం దగ్గరి రబ్బరు తొడుగు చిరిగి, దుమ్ము చేరి, లోపలి సీలును కొరికేసిందట.

మీకూ అనుమానం వుంటే అట్ట పరచి చూడండి. ఎరుపు చుక్క చాలావరకు స్టీరింగు నూనె, లేదా ఆటోమేటిక్ గేరు నూనె. నల్లనిది ఇంజను నూనె. రంగుతో, తీపి వాసనతో జిగటగా వుంటే రేడియేటరు ద్రవం. మంచినీళ్ళలా వుంటే ఏ.సి. నీరు, దానికి భయం లేదు. డబ్బాలో నురుగు కనిపిస్తే గాలి చొరబడింది. తిప్పినప్పుడు కీచుమంటే బెల్టు వదులైంది. స్టీరింగు బరువెక్కితే ముందుగా టైర్లలో గాలి చూడండి. మూతమీద చెప్పిన రకం నూనె తప్ప మరొకటి పోయకండి. కారే నూనె వేడి పొగగొట్టం మీద పడితే అంటుకునే ప్రమాదం కూడా వున్నది.

2019లో పెనుకొండ దగ్గర ప్రారంభమైన కియా కర్మాగారం కార్లతో సహా, ఇప్పటి కొత్త కార్లలో చాలావాటికి విద్యుత్తు మోటారే స్టీరింగుకు సాయం. వాటికి యీ నూనె బెడద లేదు. ఎదుట దీపం వెలిగితే షెడ్డుకు తీసుకుపోవడమే.

నూనె తగ్గిందంటే ఎక్కడో పోతున్నదన్న మాట. పోస్తూ పోతే అది మరమ్మతు కాదు. ఇప్పుడు ప్రతి ఆదివారం కారు కింద అట్ట పరిచేది మా ఆవిడే. నేను ఆవిరి మాట ఎత్తడం లేదు.