జీడి పడని చేతులు

వేసవి వచ్చిందంటే మన ఉద్దానం తోటల్లో జీడిపిక్కలు రాలతాయి. పలాస, కాశీబుగ్గలలో పిక్కలు కొట్టే పని జోరందుకుంటుంది. ఆ రోజుల్లో ఒక ఇంటికి ప్రార్థనకు వెళ్ళాను. కోడలి చేతుల నిండా బొబ్బలు. అంటుకుంటుందని భయపడి ఆమెకు కంచం వేరుగా పెట్టారు.

అది అంటువ్యాధి కాదు. పిక్క తొక్కలోని జీడి చర్మాన్ని కాలుస్తుంది. కొందరికి కొన్నాళ్ళకు అది ఒంటికి పడకుండా పోతుంది. అప్పటినుండి కొంచెం తగిలినా ఒకటి రెండు రోజుల్లో దద్దురు, దురద వస్తాయి. దీనినే అలర్జీ అంటారు. మామిడి కూడా జీడి కుటుంబపు చెట్టే గనుక వీరిలో కొందరికి మామిడి సొన కూడా పడదు.

పనికి ముందు చేతులకు నూనె రాసుకోండి, వీలైతే తొడుగులు వేసుకోండి. జీడి అంటిన చేతితో కళ్ళు నులమకండి. పని కాగానే సబ్బుతో, గోళ్ళ సందులతో సహా కడగండి. పని బట్టలు వేరుగా ఉతకండి. తొక్కలను వంటపొయ్యిలో కాల్చకండి. ఆ పొగ కళ్ళకు, ఊపిరితిత్తులకు హాని.

వానాకాలంలో గోడల బూజు, చలికాలంలో పరుపుల దుమ్ము తుమ్ములు, ఆయాసం తెస్తాయి. పక్కబట్టలు వేడినీళ్ళతో ఉతికి ఎండలో ఆరవేయండి.

దురదకని, నొప్పికని పేరు తెలియని మాత్రలు కొని మింగకండి. మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతం మనది. కొన్ని నొప్పి మాత్రలు వాటిని మరింత పాడుచేస్తాయి. డాక్టరుకు చూపించండి. పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే 108కి ఫోను చేయండి.

అన్నిటికంటే ముందు, ఆ చేతుల కష్టం తినే మనం ఆమెను మన పంక్తిలోనే కూర్చోబెట్టుకుందాం.