పెళ్లిచీర ఎవరికి ఏది నప్పుతుంది? అపోహలు – వాస్తవాలు

పెళ్లిచీరల కొట్లో చీరలు పరిచేలోపే సలహాలు మొదలవుతాయి. “పిల్ల పొట్టి, పెద్దంచు వద్దు” అని పిన్ని, “కాస్త బొద్దుగా ఉంది, పట్టు ఇంకా లావు చూపిస్తుంది” అని అత్త. వీటికి తోడు పియర్, ఆపిల్, అవర్‌గ్లాస్ అంటూ ఫోన్లలో ఆకృతుల పట్టికలు. ఆ లెక్కలు కొలిచి కుట్టే గౌన్లకు పనికొస్తాయి. చీర అయిదున్నర మీటర్ల కుట్టని గుడ్డ, దాని రూపం కట్టులో తేలుతుంది. పైగా మన పెళ్లికూతురు ముహూర్తమంతా పీటల మీదే కూర్చుంటుంది. ఈ రెండూ గుర్తుంచుకుని ఒక్కో మాటా చూద్దాం.

అపోహ: పొట్టిగా ఉంటే పెద్దంచు పనికిరాదు.

వాస్తవం: అంచు వెడల్పు ఒక్కటే చూస్తే చాలదు, రంగుల తేడా కూడా చూడాలి. ఆకుపచ్చ చీరకు జానెడు ఎర్రంచు ఉంటే చూపు అక్కడే ఆగిపోతుంది, ఎత్తు తగ్గినట్టు అనిపిస్తుంది. అంతే వెడల్పు అంచు చీర రంగులోనే ఉండి, జరీ మాత్రమే మెరుస్తుంటే ఆ ఇబ్బంది రాదు. పైట మడతలు సన్నగా పెట్టి భుజం మీద పిన్ను చేస్తే నిలువు గీత ఏర్పడి మనిషి పొడుగ్గా కనిపిస్తుంది.

అపోహ: బొద్దుగా ఉంటే పట్టు మాని జార్జెట్ కట్టాలి.

వాస్తవం: పల్చటి గుడ్డ ఒంటికి అంటుకుని ఉన్నదున్నట్టు చూపిస్తుంది. పట్టు కాస్త బిర్రుగా నిలిచి ఒంటి తీరును కప్పుతుంది. అసలు చిక్కు బరువుతోనూ, కొత్త చీర బిరుసుతోనూ వస్తుంది. జరీ దట్టంగా ఉన్న కంచిపట్టు కిలో దాటొచ్చు, నడుము దగ్గర కుచ్చిళ్లు ఉబ్బుతాయి. కుచ్చిళ్లు ముందురోజే పెట్టించి ఇస్త్రీ చేయిస్తే, లంగాకు కుచ్చు తగ్గించి కుట్టిస్తే సగం ఉబ్బు పోతుంది. బరువే వద్దనుకుంటే ఉప్పాడ జామ్‌దానీ ఉంది: అదీ పట్టే, కానీ తేలిక. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు ఉండే గద్వాల చీర కూడా మంచి దారే.

అపోహ: అడ్డచారలు లావుగా, నిలువు చారలు సన్నగా చూపిస్తాయి.

వాస్తవం: అడ్డగీతలున్న చదరం పొడుగ్గా, సన్నగా కనిపిస్తుందని జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలోనే గమనించాడు. యార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దుస్తుల మీద పరీక్షించి, అడ్డచారలు లావుగా చూపించవని 2011లో ప్రచురించారు. చీరలోనైతే చార దిశే మారిపోతుంది. అంచుకు సమాంతరంగా పొడుగునా సాగే గీత నడుము చుట్టూ అడ్డంగా తిరుగుతుంది, వీపు మీద వేలాడే కొంగులో నిలువుగా దిగుతుంది, ఛాతీ మీద ఏటవాలుగా పోతుంది. కాబట్టి బల్ల మీద పరిచిన చీరలో చారలు చూసి తీర్పు చెప్పకండి, ఒకసారి చుట్టి చూడండి.

అపోహ: పెళ్లినాటికి తగ్గుతాం కదా, జాకెట్టు బిగుతుగా కుట్టించాలి.

వాస్తవం: బిగుతు జాకెట్టు చంకల దగ్గరా వీపు మీదా ఒంటిని నొక్కి ముడతలు తెస్తుంది, మనిషిని ఇంకా లావుగా చూపిస్తుంది. ఇప్పటి కొలతకే కుట్టించి, పక్క కుట్లలో అంగుళం గుడ్డ వదలమనండి. వదులైతే లోపలికి కుట్టుకోవచ్చు, గుడ్డే లేకపోతే విప్పడానికేమీ మిగలదు. మగ్గం పనికి ఈ జాగ్రత్త మరీ అవసరం. ఆ పని కుట్టకముందే గుడ్డను చట్రానికి బిగించి చేస్తారు. పూసలూ జర్దోసీ కుట్టు గీత దాకా వచ్చేస్తే సవరించడం కష్టం. చేతి పొడవూ చూసుకోండి: చెయ్యి ఎక్కడ ఆగితే చూపు అక్కడ పడుతుంది. దండ లావుగా ఉందనుకునేవారు మోచేతి దాకా పెట్టించుకోవచ్చు.

అపోహ: హీల్స్, వడ్డాణం ఉంటే లోపాలన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: మండపంలో చెప్పులుండవు. హీల్స్ మీద కొలిచి కట్టిన చీర అక్కడ నేల మీద ఈడుస్తుంది. ముహూర్తానికి వట్టికాళ్ల కొలత, రిసెప్షన్‌కు హీల్స్ కొలత పెట్టుకోండి. నిలబడి బిగించిన వడ్డాణం బాసింపట్టు వేసుకుని కూర్చోగానే పొట్టలోకి గుచ్చుకుంటుంది, అటూ ఇటూ ఒళ్లు పొంగుతుంది. కూర్చునే కొలత తీసుకోవాలి. మధుపర్కాలు కట్టే ఇళ్లలో ఇంకో మాట: తెల్ల నూలుచీరలోంచి ముదురు లంగా కనిపిస్తుంది. తెల్లదో, లేత రంగుదో ముందే సిద్ధం చేసుకోండి.

కొనేముందు అద్దం ముందు నిలబడటంతో ఆపకండి. చీర చుట్టుకుని నేల మీద కూర్చోండి, పక్కనున్నవాళ్లను నిలబడి ఫోటో తీయమనండి. ఆల్బమ్‌లో సగం ఫోటోలు ఆ కోణంలోనే ఉంటాయి. అందులో మీకు నచ్చిన చీరే మీ ఒంటికి నప్పిన చీర.