కాలేయంలో గడ్డ: ముందు దాని పేరు అడగండి

కడుపునొప్పి అని స్కానింగ్ తీయిస్తే రిపోర్టులో 'కాలేయంలో గడ్డ' అని వస్తుంది. ఇంటిల్లిపాదీ అది క్యాన్సరేనని బెంబేలెత్తిపోతారు. గడ్డ పేరేమిటని మాత్రం ఎవరూ అడగరు. మేము ముందుగా అడగమనేది అదే.

అన్నింటికన్నా ఎక్కువగా కనిపించేది హిమాంజియోమా, అంటే రక్తనాళాల ముద్ద. పెద్దవారిలో ఇది చాలావరకు ఏళ్లు గడిచినా అలాగే ఉంటుంది. కొందరిలో మెల్లగా పెరిగినా క్యాన్సర్‌గా మారదు.

అడినోమా సంగతి వేరు. గర్భనిరోధక మాత్రలు దీర్ఘకాలం వాడిన స్త్రీలలో ఇది ఎక్కువ. వైద్యుల సలహాపై మాత్రలు మానితే తరచూ కుంచించుకుపోతుంది. 5 సెంటీమీటర్లు దాటితే లోపల రక్తస్రావం జరిగే ప్రమాదం పెరుగుతుంది. కొందరిలో క్యాన్సర్‌గానూ మారవచ్చు. పురుషులలో ఆ ముప్పు మరీ ఎక్కువ గనుక, గడ్డ చిన్నదైనా సాధారణంగా తొలగించమంటారు. కండల కోసం స్టెరాయిడ్లు వాడే యువకులారా, వింటున్నారా?

మాత్రల మాట అత్తగారి ఎదుట ఎత్తడానికి మన సోదరీమణులు సిగ్గుపడతారు. వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (సఅసం) బోధించారు. వైద్యునికి ఉన్నదున్నట్టు చెప్పడం అందులో భాగమేనని మా అభిప్రాయం. భార్య చెప్పలేకపోతే, ఏ మాత్ర, ఎన్నేళ్లుగా వాడుతున్నదో భర్తే చెప్పాలి.