మూసీ పార్కు హద్దు: 50 మీటర్లు ఎక్కడి నుంచి?

మూసీ ఒడ్డున పార్కు అనే మాట ఇప్పటిది కాదు. 1908 సెప్టెంబర్ 28 నాటి తుగ్యానీ తర్వాత వచ్చిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కాలం నుంచీ ఉంది. ఆ వరదలో 150 మందిని కాపాడిందని చెప్పుకునే చింతచెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోనే ఉంది.

చిక్కంతా హద్దు దగ్గర. 2012 నాటి జీవో 168 ప్రకారం, కార్పొరేషన్ పరిధిలో నది అంచు నుంచి 50 మీటర్ల దాకా ఇళ్లు కట్టకూడదు. అది పచ్చదనానికి వదలాల్సిన బఫర్. ఈ 50 అంకె అందరికీ తెలుసు. మరి అంచు ఏది? నీళ్లు ఆగిన చోటా, గోడ కట్టిన చోటా? రెండూ కాదు. ఇరిగేషన్, రెవెన్యూ శాఖలు తేల్చి సర్టిఫై చేసిన గీతే అంచు. అది పది మీటర్లు ఇవతలికి జరిగితే చాలు, ఒక వరస ఇళ్లు పార్కులో పడతాయి.

2024లో చాదర్‌ఘాట్ వైపు మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్ల గోడలపై ఎర్రగా 'ఆర్‌బీ-ఎక్స్' అని రాశారు. అంటే ఇల్లు నదీగర్భంలో ఉందని లెక్క. బఫర్ వేరు. అక్కడ పట్టా భూమి ఉంటే ఊరికే తీసుకోవడం కుదరదు, భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం ఇవ్వాలి.

అందుకే ఇల్లు ఏ గీతలో ఉందో ముందు తెలుసుకోవాలి. సర్వే నంబరు రాసి, సర్టిఫై అయిన మ్యాపు కాపీ కావాలని కలెక్టరేట్‌లో ఆర్‌టీఐ దరఖాస్తు ఇవ్వొచ్చు. ఫీజు 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు.