25 గిగాబిట్ పోర్టును 10కి దించి నడిపితే నష్టమా?

2024 ఏప్రిల్ 5న రాయ్‌పూర్‌లోని గుఢియారీలో విద్యుత్ పంపిణీ సంస్థకు చెందిన ట్రాన్స్‌ఫార్మర్ల గోదాము తగలబడింది. చుట్టుపక్కల ఇళ్లవారిని ఖాళీ చేయించాల్సి వచ్చింది. గుఢియారీ టోకు వ్యాపారానికి పేరున్న ప్రాంతం. ఇలాంటి చోట మంటలు లేస్తే సరుకుతో పాటు లెక్కలున్న సర్వర్ కూడా బూడిదవుతుంది. అందుకే డేటాకు రెండో కాపీ వేరే భవనంలో ఉండాలంటారు. రాయ్‌పూర్ అయినా, విజయవాడ అయినా ఈ మాట ఒకటే.

ఆ కాపీ కోసం కొత్త బ్యాకప్ పెట్టె కొన్నప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. పెట్టెకు 25 గిగాబిట్ పోర్టులు ఉంటాయి. ఆఫీసులో ఉన్న స్విచ్ మాత్రం 10 గిగాబిట్‌ది. స్విచ్ మార్చాలా, పోర్టు వేగం తగ్గించాలా?

చాలా సందర్భాల్లో తగ్గించి నడపొచ్చు. 10 గిగాబిట్ మాడ్యూల్ ఎస్‌ఎఫ్‌పీ ప్లస్, 25 గిగాబిట్‌ది ఎస్‌ఎఫ్‌పీ 28. రెండింటి ఆకారం ఒకటే. 25 పోర్టులో 10 మాడ్యూల్ పెడితే సాధారణంగా పనిచేస్తుంది. పోర్టుకు హాని ఉండదు.

ఎంత ఆలస్యమవుతుంది?

20 టెరాబైట్ల డేటాను వెనక్కి తెచ్చుకోవాలనుకుందాం. లైను పూర్తిగా నిండి నడిస్తే 1 గిగాబిట్‌పై 44 గంటలు దాటుతుంది. 10 గిగాబిట్‌పై సుమారు నాలుగున్నర గంటలు, 25పై గంటా ముప్పావు. వాస్తవంలో ఇంకాస్త ఎక్కువే పడుతుంది.

అయితే డిస్కులు కూడా ఆ వేగాన్ని అందుకోవాలి. ఒక హార్డ్ డిస్కు వరుసగా చదివితే సెకనుకు 200 నుంచి 250 మెగాబైట్లు ఇస్తుంది. 10 గిగాబిట్ లైను సెకనుకు 1,250 మెగాబైట్లు మోస్తుంది. నాలుగైదు డిస్కుల పెట్టె ఆ లైనునే నింపలేదు. కాలువలో నీళ్లు లేనప్పుడు తూము పెద్దది చేసి లాభం లేదు. రెండు భవనాల మధ్య ఉన్నది 1 గిగాబిట్ లైనే అయితే, పోర్టు 10 అయినా 25 అయినా తేడా రాదు.

ఢిల్లీ ఎయిమ్స్ ఉదంతం దీనికి మంచి ఉదాహరణ. 2022 నవంబర్ 23న జరిగిన సైబర్ దాడిలో 5 సర్వర్లలోని సుమారు 1.3 టెరాబైట్ల డేటా తాళం పడిపోయిందని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. దాడి తగలని బ్యాకప్ సర్వర్ నుంచి ఈ-హాస్పిటల్ డేటా తిరిగి వచ్చింది. 1.3 టెరాబైట్లు 10 గిగాబిట్ లైనుపై కదలడానికి లెక్క ప్రకారం 18 నిమిషాలు చాలు. కానీ చాలా సేవలు మళ్లీ మొదలవడానికి రెండు వారాలు పట్టింది. ఇలాంటి దాడి తర్వాత కొత్త సర్వర్లు సిద్ధం చేయడం, పాతవాటిని శుభ్రం చేయడమే ఎక్కువ సమయం తింటాయి.

ఎక్కడ తప్పుతుంది?

వేగం తగ్గించేటప్పుడు నాలుగు విషయాలు చూసుకోవాలి.

మొదటిది మాడ్యూల్. 25 గిగాబిట్‌కే తయారైన ఫైబర్ మాడ్యూల్ 10కి దిగదు. రెండు వేగాలకూ పనికొచ్చేది కావాలి, లేదా రెండు చివర్లా 10 మాడ్యూళ్లే వాడాలి. ఫైబర్‌పై 10 గిగాబిట్ పోర్టులు వేగాన్ని తమలో తాము మాట్లాడుకుని తేల్చుకోవు. అందుకే లింకు రాకపోతే రెండు వైపులా వేగాన్ని చేత్తో 10కి పెట్టాలి. 25 కోసం ఆన్ చేసిన ఎఫ్‌ఈసీ అనే దోష సవరణను ఆపేయాలి.

రెండోది పోర్టుల గుంపు. కొన్ని 25 గిగాబిట్ స్విచ్‌లలో పక్కపక్కనున్న నాలుగు పోర్టులకు వేగం కలిపే మారుతుంది. బ్యాకప్ కోసం ఒకదాన్ని దించితే, పక్కనున్న బిల్లింగ్ సర్వర్ లింకు కూడా పడిపోవచ్చు.

మూడోది జంట లింకులు. రెండు పోర్టులను కలిపి ఒకే లింకుగా వాడుతుంటే రెండూ ఒకే వేగంలో ఉండాలి. రెండు 10లు కలిపినా ఒకే ఫైలు బదిలీకి 20 రాదు.

నాలుగోది 1 గిగాబిట్. చిన్న ఆఫీసుల్లో ఇంకా ఆ స్విచ్‌లే ఎక్కువ. కొన్ని 25 కార్డులు 10 వరకే దిగుతాయి, 1కి దిగవు. కొనేముందే అడగాలి.

నిర్ణయం ఎలా?

ముందు తేల్చుకోవాల్సింది పోర్టు వేగం కాదు. సర్వర్ పోతే దుకాణం ఎన్ని గంటలు ఆగగలదన్నదే అసలు లెక్క. ఆ గంటల్లో 10 గిగాబిట్ సరిపోతే కొత్త స్విచ్‌కు పెట్టే డబ్బును వేరే భవనంలో రెండో కాపీకి పెట్టడం మేలు. సరిపోకపోతే స్విచ్ మార్చక తప్పదు. ఏడాదికోసారైనా బ్యాకప్ నుంచి డేటాను నిజంగా వెనక్కి తెచ్చి గడియారం చూసుకుంటే ఏది అవసరమో తెలిసిపోతుంది. తగ్గించిన వేగాన్ని మాత్రం పోర్టు పక్కనే చీటీ రాసి అంటించండి. రేపు స్విచ్ మారినప్పుడు పోర్టును తిరిగి 25కి పెంచడం ఎవరికీ గుర్తుండదు.