మిగిలిన కిలోమీటర్లు, మిగిలిన క్లిక్కులు

సికింద్రాబాద్‌లో పెళ్లి ఫొటోలు తీసి బతికేవారికి రెండు పెద్ద ఖర్చులుంటాయి. ఒకటి కెమెరా, రెండోది సామాను వేసుకుని తిరిగే కారు. పొద్దున మారేడ్‌పల్లిలో పెళ్లికూతుర్ని చెయ్యడం, మధ్యాహ్నం బోయినపల్లిలో ముహూర్తం, రాత్రి కొంపల్లిలో రిసెప్షన్. రెండూ కొత్తవి కొనాలంటే చిన్న స్టూడియోకు అప్పు తప్పదు. అందుకే సెకండ్‌హ్యాండ్ వైపు చూస్తారు. ఇప్పుడు అలా చూడటానికి కారణమూ ఉంది. 2022లో వచ్చిన హైబ్రిడ్ కార్లు మొదటి ఓనర్ల చేతి నుంచి రెండో చేతికి వస్తున్నాయి. మిర్రర్‌లెస్ కెమెరాలకు మారినవాళ్లు పాత డీఎస్ఎల్ఆర్‌లను, వాటి లెన్సులను తక్కువకే వదిలేస్తున్నారు.

ఈ రెండు బజార్లలోనూ అమ్మేవారు చెప్పే అంకె ఒకటైతే, కొనేవారు అడగాల్సింది మరొకటి. కారు దగ్గర "యాభై వేలే తిరిగింది" అంటారు. కెమెరా దగ్గర "ఇరవై నాలుగు మెగాపిక్సెల్" అంటారు. ఆ రెండూ నిజమే కావచ్చు. కానీ మనం డబ్బు పెట్టేది ఆ వస్తువులో ఇంకా మిగిలిన పనికి. కారులో బ్యాటరీకి ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్ల వారంటీ మిగిలింది, కెమెరాలో షట్టర్‌కు ఎన్ని క్లిక్కులు మిగిలాయి అన్నది తేలితేనే ధర తేలుతుంది.

ఏది హైబ్రిడ్?

ప్రకటనలో హైబ్రిడ్ అని ఉన్నంత మాత్రాన నమ్మకూడదు. 2015లో మారుతి సియాజ్, ఎర్టిగా డీజిల్ కార్ల వెనక ఎస్‌హెచ్‌వీఎస్ అనే అక్షరాలు వచ్చాయి. విద్యుత్, హైబ్రిడ్ వాహనాలను ప్రోత్సహించే ఫేమ్ పథకం కింద కేంద్రం వాటికి 13,000 రూపాయల దాకా రాయితీ ఇచ్చి, 2017 ఏప్రిల్ నుంచి ఆపేసింది. అవి మైల్డ్ హైబ్రిడ్‌లు. వాటిలోని మోటారు ఇంజిన్‌కు కాస్త సాయం చేస్తుందే తప్ప బండిని ఒంటరిగా నడపలేదు. స్ట్రాంగ్ హైబ్రిడ్ వేరు. సిగ్నల్ దగ్గర, నెమ్మదిగా పాకే ట్రాఫిక్‌లో పెట్రోలు ఇంజిన్ పూర్తిగా ఆగిపోయి, బండి కరెంటు మీద కదులుతుంది. మారుతి గ్రాండ్ విటారా ఒకే పేరుతో రెండు రకాలూ అమ్మింది. వాహనాలను పరీక్షించే సంస్థ ఏఆర్ఏఐ పరీక్షలో మైల్డ్ రకం లీటరుకు 21.11 కిలోమీటర్లు, స్ట్రాంగ్ రకం 27.97 కిలోమీటర్లు ఇచ్చాయి. ఇన్నోవా హైక్రాస్‌లో మామూలు పెట్రోలుకు 16.13, హైబ్రిడ్‌కు 23.24. కాబట్టి ఆర్.సి.లో వేరియంట్ పేరు చదవనిదే బేరంలోకి దిగొద్దు.

స్ట్రాంగ్ హైబ్రిడ్ బ్యాటరీ ఎంత చిన్నదో తెలిస్తే సగం భయం పోతుంది. గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్‌లలో ఉన్నది 0.76 కిలోవాట్ అవర్ల లిథియం అయాన్ బ్యాటరీ. 2020లో వచ్చిన మొదటి నెక్సాన్ ఈవీలో ఉన్నది 30.2. అంటే సుమారు 40వ వంతు. దీన్ని ప్లగ్గుకు పెట్టే పని లేదు. బ్రేకు వేసినప్పుడు వేడిగా వృథా అయ్యే శక్తినే మోటారు కరెంటుగా మార్చి ఇందులో దాస్తుంది, ముందుకు కదిలేటప్పుడు తీసి వాడుతుంది. బ్యాటరీని పూర్తిగా నింపకుండా, పూర్తిగా ఖాళీ చేయకుండా కంప్యూటర్ మధ్యలోనే తిప్పుతుంటుంది. అది ఏళ్ల తరబడి నిలబడటానికి కారణం ఇదే.

ఆదా ఎంత? హైదరాబాద్‌లో పెట్రోలు లీటరు 107 రూపాయలు వేసుకుందాం. ఏడాదికి 12,000 కిలోమీటర్లు, అన్నీ నగరంలోనే. మామూలు పెట్రోలు ఆటోమేటిక్ 11 ఇస్తుందని, హైబ్రిడ్ 20 ఇస్తుందని అనుకుందాం. మొదటిదానికి 1,091 లీటర్లు, రెండోదానికి 600 లీటర్లు. తేడా 491 లీటర్లు, అంటే ఏడాదికి 52,500 రూపాయలు. అదే 12,000 కిలోమీటర్లు వరంగల్, విజయవాడ హైవేల మీద తిరిగితే కథ మారిపోతుంది. అక్కడ మామూలు పెట్రోలు కారు కూడా 16 ఇస్తుంది, హైబ్రిడ్ మాత్రం ఆ 20 దగ్గరే ఉంటుంది. బ్రేకు వేసే అవసరమే లేని చోట తిరిగి రాబట్టుకోవడానికి శక్తి ఎక్కడుంది? అప్పుడు తేడా 150 లీటర్లు, 16,000 రూపాయలు. ఇవి నేను వేసుకున్న అంచనాలే. మీ అంకెలు పెట్టుకుని మళ్లీ వేసుకోండి, లెక్క దారి మాత్రం ఇదే.

ప్యారడైజ్ నుంచి తాడ్‌బండ్, బోయినపల్లి మీదుగా డెయిరీ ఫారం రోడ్డు దాకా సాయంత్రం వేళ వెళ్లినవారికి హైబ్రిడ్ విలువ విడమరచి చెప్పక్కర్లేదు. ఆ దారి మీద 5.32 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. అది పూర్తయి ట్రాఫిక్ సాఫీగా సాగితే ఆ దారిలో హైబ్రిడ్ ఆదా కొంత తగ్గుతుంది కూడా.

ఇక వారంటీ. టయోటా, మారుతి, హోండా తమ స్ట్రాంగ్ హైబ్రిడ్ బ్యాటరీలకు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందు వస్తే అది అని రాసిచ్చాయి. గడువు మొదటి ఓనరు కొన్న తేదీ నుంచి మొదలవుతుంది. 2023 జనవరిలో రిజిస్టర్ అయిన రెండు కార్లను పక్కపక్కన పెట్టండి. ఒకటి 1,30,000 తిరిగింది, దానికి మిగిలింది 30,000. ఇంకొకటి 55,000 తిరిగింది, దానికి 1,05,000 కిలోమీటర్లు, 2031 జనవరి దాకా గడువు. ఏడాదికి 12,000 తిరిగేవారికి మొదటిది రెండున్నరేళ్ల ధీమా, రెండోది గడువు చివరి రోజు దాకా ధీమా. కొత్త బ్యాటరీ ధర ఎంతో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో కొటేషన్ అడగండి. వారంటీ ముగిసిన కారైతే ఆ మొత్తాన్ని అమ్మేవారు చెప్పిన ధరలోంచి తీసేసి, అక్కడి నుంచి బేరం మొదలుపెట్టాలి. మీటర్ వెనక్కి తిప్పిన బండి వల్ల ఇక్కడ నష్టం రెండింతలు, వారంటీ క్లెయిముకు వెళ్లినప్పుడు సర్వీస్ సెంటర్ కంప్యూటర్‌లో పాత కిలోమీటర్లు బయటపడతాయి. అందుకే సర్వీస్ హిస్టరీ మొత్తం ముందే తెప్పించుకోవాలి.

మరీ పాతవాటి సంగతి కొంచెం. హోండా సివిక్ హైబ్రిడ్ 2008లో 21.5 లక్షలకు వచ్చి, అదే ఏడాది 8 లక్షల తగ్గింపుతో అమ్ముడైంది. ఆ కార్లకు 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ 2023లోనే ముగిసింది. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన కారు ఆర్.సి. రెన్యువల్ ఫీజే 5,000 రూపాయలు. 2013లో బిడదిలో తయారీ మొదలైన క్యామ్రీ హైబ్రిడ్ గట్టి బండి, అందులో సందేహం లేదు. అయితే దాని బ్యాటరీ ఖర్చు కూడా కొనేవారే భరించాలని తెలిసి కొనాలి. తక్కువ ధరకు పెద్ద కారు వస్తోందన్న ఒక్క కారణంతో చిన్న స్టూడియో దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

చూడాల్సింది ఇంకొకటి ఉంది. 2020 అక్టోబరు వానలో బేగంపేటలో ఒక్క రోజులో సుమారు 19 సెంటీమీటర్లు కురిసింది. ఆ నీళ్లలో మునిగిన కార్లు కడిగి, పాలిష్ పట్టి బజారుకు వచ్చాయి. సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగి చివరన మట్టి గీత ఉందేమో చూడండి. హైబ్రిడ్‌లో నారింజ రంగు తీగలు వందకు పైగా వోల్టుల కరెంటు మోస్తాయి. వాటి కనెక్టర్ల దగ్గర తుప్పు గాని, విప్పి బిగించిన జాడ గాని ఉంటే ఆ బండి వద్దు. ఆ తీగలను రోడ్డు పక్క షెడ్డులో ముట్టుకోనివ్వకూడదు కూడా, అది ప్రాణానికి సంబంధించిన మాట.

ఫొటోగ్రాఫర్లకు ప్రత్యేకంగా రెండు విషయాలు. బ్యాటరీ చోటు తీసుకోవడం వల్ల డిక్కీ తగ్గుతుంది. మామూలు హోండా సిటీ డిక్కీ 506 లీటర్లు, 2022లో వచ్చిన సిటీ హైబ్రిడ్‌ది 306. లైట్ స్టాండ్లు, సాఫ్ట్‌బాక్సులు, ట్రైపాడ్లు తెచ్చి అందులో పట్టించి చూశాకే బయానా ఇవ్వండి. రెండోది, చాలా హైబ్రిడ్‌లలో బ్యాటరీని చల్లబరిచే గాలి వెనక సీటు దగ్గరి జాలీలోంచి లోపలికి వెళుతుంది. డిక్కీలో పట్టని బ్యాగులను అక్కడే పేరిస్తే గాలి ఆగి బ్యాటరీ వేడెక్కుతుంది. మన ఊరి దుమ్ముకు ఆ జాలీ ఫిల్టర్ త్వరగా మూసుకుపోతుంది. కొనే ముందు దాన్ని విప్పించి చూడటానికి ఐదు నిమిషాలు చాలు, పాత ఓనరు బండిని ఎలా చూసుకున్నాడో దాన్ని చూస్తేనే తెలిసిపోతుంది.

కెమెరా వయసు క్లిక్కుల్లో

సికింద్రాబాద్‌కు ఫొటోగ్రఫీ నిన్నటి విద్య కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1880లలో ఇక్కడ స్టూడియో పెట్టారు. ఆయన గాజు పలకల మీద తీసిన నెగటివ్‌లు రెండు వేలకు పైగా ఇప్పటికీ ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. నెమ్మదిగా, బరువుగా ఉండే సామగ్రితోనే ఆయన అంత పని చేశారని తలచుకున్నప్పుడు, పదేళ్ల నాటి డీఎస్ఎల్ఆర్‌ను పనికిరానిదని పక్కన పెట్టడం నాకు బాధ కలిగిస్తుంది.

కెమెరా బజారు ఎంత కుంగిందో జపాన్ తయారీదారుల సంఘం సిపా లెక్కలు చెబుతాయి. 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు బయటికి వెళ్తే, 2023లో 80 లక్షల లోపే. ఫోన్లు చిన్న కెమెరాలను మింగేశాయి, మిర్రర్‌లెస్ డీఎస్ఎల్ఆర్‌లను పక్కకు నెట్టింది. కొనేవారికి ధర కలిసొచ్చింది, విడిభాగాలు మాత్రం ఏడాదికేడాది తగ్గుతాయి.

మెగాపిక్సెల్ లెక్క ముందు తేల్చేద్దాం. 2008 నాటి నికాన్ డి90, డి700లవి 12 మెగాపిక్సెల్ చిత్రాలు, డి90 చిత్రం పొడవు 4,288 చుక్కలు. పెళ్లి ఆల్బమ్‌లో 12 బై 18 అంగుళాల పేజీకి పరిస్తే అంగుళానికి 238 వస్తాయి. 24 మెగాపిక్సెల్ అయితే 333. చేతిలో పట్టుకుని చూసే ఆల్బమ్‌కు మొదటిదీ సరిపోతుంది. కాబట్టి మెగాపిక్సెల్ కోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దు.

అసలు అంకె షట్టర్ కౌంట్. డి90 షట్టర్‌ను లక్ష క్లిక్కులకు, డి700, డి7000, కెనాన్ 5డి మార్క్ 2 షట్టర్లను లక్షన్నర క్లిక్కులకు పరీక్షించినట్టు కంపెనీలు ప్రకటించాయి. ఆ అంకె దాటగానే ఆగిపోతుందని కాదు, దాటాక ధీమా ఉండదని. పెళ్లికి 2,500 క్లిక్కులు, ఏడాదికి 40 పెళ్లిళ్లు వేసుకుంటే ఏడాదిలోనే లక్ష. ఇంట్లో పిల్లల ఫొటోలకు కొన్నవాళ్ల కెమెరా పదేళ్లకైనా 20,000 దాటకపోవచ్చు. రెండేళ్ల పెళ్లిళ్ల కెమెరా కంటే పదేళ్ల ఇంటి కెమెరా చిన్న వయసుది. 40,000 పెట్టి కొన్న బాడీలో లక్షన్నరకు 90,000 మిగిలుంటే క్లిక్కు 44 పైసలు. 30,000కే దొరికిన దానిలో 20,000 మిగిలుంటే క్లిక్కు రూపాయిన్నర. తక్కువ ధరదే ఖరీదైనది.

కౌంట్ తెలుసుకోవడం కష్టం కాదు. నికాన్‌లో అప్పుడే తీసిన ఫొటో ఫైలులోనే ఆ అంకె దాగి ఉంటుంది, ల్యాప్‌టాప్‌లో చదవొచ్చు. కెనాన్‌లో చాలా మోడళ్లకు కేబుల్‌తో కలిపి సాఫ్ట్‌వేర్ వాడాలి. డబ్బు తీసుకుని పెళ్లి ఒప్పుకునేవారు కార్డు స్లాట్లు ఎన్నో కూడా చూడాలి. డి90కి ఒకటే, డి7000కి రెండు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం మళ్లీ రాదు, ఆ ఫొటోలు ఒకే కార్డులో ఉండటం నాకు ఒప్పుదల కాని పని.

బాడీ కంటే లెన్స్ మీద డబ్బు పెట్టడం మేలు. నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నాటిది, కెనాన్ ఈఎఫ్ 1987 నాటిది. తరాల లెన్సులు దొరుకుతాయి. అయితే నికాన్ డి3000, డి5000 వరుసల బాడీలలో ఫోకస్ మోటారు లేదు. సొంత మోటారు లేని పాత ఏఎఫ్-డి లెన్స్ వాటికి బిగిస్తే ఫోకస్ చేత్తోనే తిప్పాలి. డి90, డి7000లకు ఆ ఇబ్బంది లేదు. లెన్స్ వెనక నుంచి ఫోన్ టార్చి వేసి చూడండి. సన్నని సాలెపోగుల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్. సెన్సార్ పరీక్షకు ఎఫ్16 పెట్టి తెల్లని ఆకాశాన్ని తీస్తే మరకలన్నీ బయటపడతాయి. ఫిల్మ్ కాలపు ఫ్లాష్ చవకగా వస్తే తొందరపడొద్దు. కొన్నింటి ట్రిగర్ వోల్టేజీ 200 దాటుతుంది, అది డిజిటల్ కెమెరా సర్క్యూట్‌ను కాల్చేయవచ్చు.

ఆషాఢంలో

కారుకూ కెమెరాకూ ఒకేసారి కీడు చేసేది ముహూర్తాలు లేని కాలం. ఆషాఢంలో పెళ్లిళ్లు ఆగుతాయి, సరిగ్గా అప్పుడే వానలు మొదలై గాలిలో తేమ పెరుగుతుంది. లెన్సులు బ్యాగులో, బండి షెడ్డులో ఉండిపోతాయి. లెన్సులకు 40 నుంచి 50 శాతం తేమ మేలు. తోలు సంచిలో పెడితే తోలే తేమను పట్టి ఉంచుతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటరు చాలు. హైబ్రిడ్ కారు నెలల తరబడి కదలకపోతే దాని హైబ్రిడ్ బ్యాటరీ దానంతటదే నెమ్మదిగా దిగిపోతుంది, 12 వోల్టుల చిన్న బ్యాటరీ అంతకంటే ముందే చచ్చిపోతుంది. అప్పుడు డాష్‌బోర్డు మీద 'రెడీ' వెలగదు. వారానికోసారి 'రెడీ' వెలిగించి అరగంట తిప్పండి. లైట్లు, పాటలు మాత్రం పెట్టుకుని కూర్చుంటే చార్జి కాదు, ఇంకా దిగుతుంది.

పన్నులు, కాగితాలు

2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద హైబ్రిడ్ కొత్త కారు మీద పన్ను 43 నుంచి 40 శాతానికి తగ్గింది. 20 లక్షల షోరూమ్ ధర మీద అది సుమారు 42,000 రూపాయలు. అమ్మేవారు తాము కొన్న నాటి పాత ధర చూపిస్తే ఈ తేడా గుర్తుచేయండి. వ్యక్తి నుంచి వ్యక్తి కొంటే జీఎస్టీ లేదు. డీలరు అయితే 2025 జనవరి నుంచి తన మిగులు మీద 18 శాతం కడతాడు. 10 లక్షలకు కొని 11 లక్షలకు అమ్మితే పన్ను లక్ష మీద 18,000, మొత్తం 11 లక్షల మీద కాదు.

కెమెరాకు సీరియల్ నంబరు రాసిన బిల్లు అడగండి, బాడీ కింద ఉన్న నంబరుతో కలిపి చూడండి. కారు పేరు మార్పుకు ఫారం 29, 30, ఫైనాన్స్ ఉండి తీరిపోతే ఫారం 35 కావాలి. అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. అమ్మేశాం కదా అని పాత ఓనరు ఊరుకుంటే ప్రమాదం జరిగినప్పుడు పరిహారం ఆయన మెడకే చుట్టుకుంటుంది. ఆర్.సి.లో పేరున్నవారే ఓనరని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో మార్పించుకోవాలి. పాత ఓనరు సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్, అది 50 శాతమైనా సరే, ఆయనతోనే వెళ్లిపోతుంది. ఆ రాయితీ లేని ప్రీమియం ఎంతో ఏజెంటుతో లెక్క కట్టించి, బేరం ముగియకముందే కారు ధరకు కలుపుకోండి.